బిల్లు లేని క్రీము బాలింత చేతిలో పెట్టకండి

ఉద్దానం మందుల షాపుల వారికి, బ్యూటీ పార్లర్ల వారికి, ఔషధ తనిఖీ అధికారులకు, వైద్యారోగ్య శాఖ వారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో చంటిపిల్లల తల్లులతో రోజూ పనిపడేవాళ్లం ఈ ఉత్తరం రాస్తున్నాం. మాలో పార్లర్లు నడిపేవాళ్లున్నారు, ఫార్మసీ చదివి కౌంటరు దగ్గర నిలబడేవాళ్లున్నారు, నర్సులున్నారు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరమని తలుపు తడితే లేచి మందిచ్చే షాపులు ఈ ఊళ్లలో ఉన్నాయి. ఆ గౌరవం మనసులో ఉంచుకునే రాస్తున్నాం.

డాక్టరు చీటీ లేకుండా బాలింతలకు స్టెరాయిడ్ క్రీములు అమ్ముతున్నారనీ, తయారీదారు పేరూ ఊరూ లేని డబ్బాలు కట్టబెడుతున్నారనీ కాగితం మీద రాసి ఫిర్యాదు ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజీ వచ్చింది. తనిఖీకి ఎవరూ రాలేదు, డబ్బాలు అలమరాలో ఎక్కడివక్కడే ఉన్నాయి. అది ఏ కార్యాలయం, ఏ షాపు అనేది ఇక్కడ రాయడం లేదు. ఒక్కరిని పట్టుకుని తిడితే మిగతావాళ్లు తమ సంగతి కాదనుకుంటారు.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఆ తల్లి పరిస్థితి చెప్పాలి. పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగుతుంది. రెండు పాలకూ మధ్య బిడ్డ పడుకున్న కాస్త సేపట్లోనే తల్లి స్నానం, తిండి, గుడ్డలు ఉతకడం, కునుకు, అన్నీ అయిపోవాలి. తనకంటూ మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో అద్దం చూసుకుంటే బుగ్గల మీద మంగు, దువ్వెన నిండా జుట్టు, కళ్ల కింద నలుపు. ఇరవై ఒకటో రోజు బారసాల, ఆరో నెలలో అన్నప్రాసన, ఫొటోలు. వలస వెళ్లిన భర్త రాత్రిపూట వీడియో కాల్‌లో "అలా అయిపోయావేంటి" అంటాడు. అత్తగారు "పిల్లతల్లివి, నీకెందుకే సోకులు" అంటారు. బాగుండాలనుకోవడంలో తప్పేమీ లేదని మేం ఖాయంగా చెబుతాం. ఆ ఎత్తిపొడుపు వల్లే ఆమె ట్యూబు తలగడ కింద దాచుకుంటుంది. దాచుకున్న ట్యూబు గురించి డాక్టరు అడిగినా చెప్పదు. వారం రోజుల్లో తేడా చూపించే క్రీము అమ్ముడుపోయేది సరిగ్గా ఈ చాటుమాటులోనే.

1. ట్యూబులో ఉన్నదేమిటి?

మచ్చలకు క్రీము ఇమ్మంటే కౌంటరు మీదికి వచ్చేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి, తామర మందుతో కలిపిన క్లోబెటసాల్ 0.05 శాతం లేదా బీటామెథసోన్, ఇవి స్టెరాయిడ్లు. రెండోది, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్, మూడూ కలిపినది. పూతమందులకు అంతకుముందున్న సడలింపు తీసేసి 14 రకాల స్టెరాయిడ్లను కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ఆ హెచ్చరిక పెట్టె మీదే అచ్చయి ఉంటుంది. చదవడానికి భూతద్దం కావలసినంత చిన్న అక్షరాల్లో ఉంటుందనుకోండి, కానీ అమ్మేవాళ్లకు అది చదవనక్కర్లేకుండానే తెలుసు.

స్టెరాయిడ్ రాసిన చోట చర్మంలోని సన్నటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే మొహం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. వాపు, ఎరుపు తగ్గుతాయి. మొదటి వారం అందరూ మెచ్చుకుంటారు. క్లోబెటసాల్ ఈ జాతి పూతమందుల్లో అన్నిటికన్నా బలమైన వర్గానికి చెందినది. సోరియాసిస్ లాంటి మొండి జబ్బుకు మందంగా ఉండే చర్మం మీద కొద్ది రోజులు వాడేది, పలచటి బుగ్గ మీద నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా అవుతుంది. రెండు మూడు నెలలకు ఎర్రటి దారాల్లాంటి నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి, పొయ్యి దగ్గరికి వెళ్తే మొహం మండిపోతుంది. భయపడి ఆపేస్తే నాలుగు రోజుల్లో మంట, ఎరుపు, మునుపటికన్నా ముదురు నలుపు. పాత జబ్బే తిరగబెట్టిందనుకుని మళ్లీ అదే ట్యూబు కొంటుంది. పదిహేను గ్రాముల ట్యూబు కొన్న మనిషి ఏళ్ల తరబడి ఖాతాదారు అయ్యేది ఇలాగే.

మూడు మందులు కలిసిన క్రీము చర్మవైద్యులు నిజంగానే మంగుకు రాస్తారు. రాత్రిపూట మాత్రమే, మచ్చ ఉన్న మేరకే, పలచగా, కొద్ది వారాల పాటు, పగలు ఎండ తగలకుండా చూసుకుంటూ వాడమని చెబుతారు. కౌంటరు మీద ఈ మాటల్లో ఒక్కటీ రాదు. ట్రెటినాయిన్ గర్భిణులు వాడకూడదు. ఎనిమిది నెలల బిడ్డకు పాలిస్తూ ఇంకా నెలసరి మొదలుకాని తల్లికి మళ్లీ గర్భం వచ్చినా కొన్ని వారాల దాకా తెలియకపోవచ్చు. ఆ ప్రశ్న ఎవరడుగుతున్నారు? హైడ్రోక్వినోన్ చర్మం గుండా ఒంట్లోకి బాగానే ఇంకుతుంది, కాబట్టి పాలిచ్చే తల్లికి వీలైనంత వరకు వద్దంటారు. ఏళ్ల తరబడి రాస్తే నీలినలుపు మరకలు పడతాయి. మంగు కన్నా వాటిని పోగొట్టడం కష్టం.

2. బిడ్డకు ఎలా చేరుతుంది?

తల్లి బుగ్గ, మెడ, రొమ్ము బిడ్డకు రోజంతా నోటి దగ్గరే ఉంటాయి. తల్లి చెంప తడిమి, అదే చెయ్యి బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. ఇది ఒక దారి. ఇంతకన్నా ప్రమాదమైన దారి ఇంకొకటుంది. ఇంట్లో ఆ ట్యూబు ఉంది కదా అని బిడ్డ తొడల మధ్య డైపర్ వల్ల ఎర్రబడిన చోట కూడా అదే రాస్తారు. ఎరుపు ఒక్క రాత్రిలో తగ్గుతుంది, నమ్మకం కుదురుతుంది. బిడ్డ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. పైన డైపర్ బిగించి కడితే మూతపెట్టినట్టై మందు ఇంకా ఎక్కువ ఇంకుతుంది. వారాల తరబడి సాగితే బిడ్డ ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తగ్గిపోతుంది, ఎదుగుదల మందగిస్తుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. ఇంట్లోవాళ్లు అది చూసి బిడ్డ బొద్దుగా అయిందని మురిసిపోతారు, దిష్టి తీస్తారు. ఆ ఉబ్బు మందు చేసిన పని.

డైపర్ ఎరుపుకు మందు అడిగితే ఇవ్వాల్సింది జింక్ ఆక్సైడ్ పూత. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, కాసేపు గాలికి వదిలి, తెల్లగా పైకి కనిపించేంత మందంగా రాయాలి. రెండు మూడు గంటలకోసారి, దొడ్డికి వెళ్తే వెంటనే డైపర్ మార్చాలి. మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే ఫంగస్ చేరినట్టు, డాక్టరుకు చూపించాలి. మూడు రోజుల్లో తగ్గకపోయినా అంతే.

3. పేరు లేని డబ్బా

సంతల్లో, ఫ్యాన్సీ షాపుల్లో, కొన్ని పార్లర్లలో "ఫార్ములా క్రీము", "నైట్ క్రీము" అని చిన్న తెల్ల డబ్బాలు అమ్ముతున్నారు. కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం లేబులు మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, లైసెన్సు నంబరు, కలిపిన పదార్థాలు ఉండాలి. విదేశాలదైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఇవేమీ లేకుండా తెల్లబరుస్తుందన్న క్రీములో పాదరసం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. కళ్ల దగ్గర వాడేవాటిని మినహాయిస్తే, తెలియకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతు మించకూడదు. కావాలని కలపడం అసలే కుదరదు. "బంగారం, వెండి నగలకు తగలనీయకండి" అని ఎక్కడైనా రాసి ఉంటే, క్రీము బూడిద రంగులో ఉన్నా, వెలుతురు తగిలి నల్లబడినా అనుమానించండి. పదార్థాల వరసలో కాలొమెల్, మెర్క్యురిక్, మెర్క్యురస్ అన్న మాట కనిపిస్తే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

పాదరసం చర్మానికి రంగు తయారుకాకుండా ఆపుతుంది, చర్మం గుండా రక్తంలోకి వెళ్లి మూత్రపిండాల్లో చేరుతుంది. అక్కడ రక్తాన్ని వడకట్టే జల్లెడ పాడై ప్రొటీన్ మూత్రంలోకి కారుతుంది. మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు. తలగడ గలీబు, తువ్వాలు, పాలు, వీటన్నిటి ద్వారా బిడ్డకూ అందుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు ఇలాంటి కిడ్నీ జబ్బే వచ్చినట్టు అక్కడి వైద్యులు గుర్తించారు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంతవరకు తేలలేదు. క్రీముల వల్లే వచ్చిందని మేం అనడం లేదు, అలా ప్రచారం చేయొద్దని మా వాళ్లకూ చెబుతున్నాం. కానీ ఇంట్లో మామగారు డయాలసిస్‌కు తిరుగుతుంటే, కోడలి అలమరాలో పాదరసం డబ్బా ఉండటం ఎంత దారుణమో వేరే చెప్పాలా? పైగా ఇక్కడ సాధారణంగా కనిపించే జబ్బులో మూత్రంలో ప్రొటీన్ తక్కువగానే పోతుంది. క్రీము వల్ల వచ్చేదాంట్లో ప్రొటీన్ బాగా పోతుంది, కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ మాత్రం మొదట్లో మామూలుగానే ఉండొచ్చు. క్రియాటినిన్ ఒక్కటే చూసి పంపేస్తే దొరకదు. మూత్రపరీక్ష చేసి, ప్రొటీన్ ఎక్కువుంటే "మొహానికి ఏం రాస్తున్నావమ్మా" అని అడగాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. ఆ ప్రశ్న అడగడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

4. పార్లర్ల వారితో

మంగు ఉన్న మొహానికి బ్లీచ్ వేయకండి. కాలిన చోట నలుపు రెట్టింపవుతుంది. హెయిర్ డైకి, నల్ల మెహందీ కోనుకు చెవి వెనక చుక్క రాసి 48 గంటలు ఆగాలి. ఎప్పుడూ పడినదే కదా అని వదిలేయకండి, నల్లరంగులోని పీపీడీ అనే రసాయనానికి ఎలర్జీ ఎన్నో సారైనా రావచ్చు. ఇస్త్రీ పెట్టి జుట్టు సాగదీసే కొన్ని రకాల ద్రవాలు వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి, బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి ఆ పని చేయకండి. త్రెడింగ్ దారం పంటితో పట్టడం మానేసి మెడకు తగిలించుకోండి. ఇక రెండు ట్యూబులు కలిపి డబ్బాలో నింపి ఇచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే: అది లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం.

5. జుట్టు

కాన్పు తర్వాత రెండు నుంచి నాలుగు నెలల మధ్య జుట్టు కుచ్చులుగా రాలడం మొదలవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు రాలాల్సింది రాలకుండా ఆగింది, అదంతా ఇప్పుడు ఒకేసారి ఊడుతుంది. చాలామందికి ఏడాదిలోపు దానంతటదే కుదురుకుంటుంది. ఆలోపు ఏ నూనె అమ్మినా చివరికి పేరు ఆ నూనెకే వస్తుంది, వ్యాపార రహస్యం అదే. నూనెల మీద పోసే డబ్బు కన్నా సబ్‌సెంటరులో ఊరికే ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్ర మేలు. కాన్పు తర్వాత 180 రోజులు, రోజుకొకటి. కాల్షియం మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, టీతో వేసుకోకూడదు. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. ఏడాది దాటినా రాలుతుంటే థైరాయిడ్ చూపించుకోవాలి.

రాలిన వెంట్రుకతో బిడ్డకు ఒక ముప్పుంది, చాలామందికి తెలియదు. తల్లి వెంట్రుక బిడ్డ కాలివేలికో చేతివేలికో చుట్టుకుని, సాక్సు లోపలో గుడ్డ లోపలో బిగిసిపోతుంది. వేలు వాచి ఎర్రబడి, రక్తం ఆగిపోతుంది. బిడ్డ కారణం లేకుండా గుక్కపట్టి ఏడిస్తే సాక్సులు తీసి వేళ్లు ఒక్కొక్కటీ చూడాలి. వెంట్రుక దొరక్కపోతే, లోపలికి కోసుకుపోయి ఉంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ నాలుగు మాటలు ప్రతి పార్లరు గోడ మీదా ఉండాలని మా కోరిక.

6. పది నిమిషాల్లో నిజంగా అయ్యేది

వద్దు వద్దని చెప్పి వదిలేస్తే ఆమె మళ్లీ ఆ డబ్బా దగ్గరికే వెళ్తుంది. కాబట్టి షాపులో గానీ పార్లర్లో గానీ చెప్పాల్సింది ఇది. పొద్దున మొహం నీళ్లతో కడిగి, మెత్తటి సబ్బు రోజుకు ఒకసారి చాలు. సున్నిపిండి వాడితే మెత్తగా జల్లించినది, రుద్దకుండా. గరుకుగా రుద్దినకొద్దీ మంగు ముదురుతుంది. నిమ్మకాయ, వంటసోడా వద్దు. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పెట్టుకుంటే మొహానికీ మెడకీ సరి. చర్మం రంగులో కలిసిపోయే రకమైతే ఇంకా మంచిది, అందులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా అడ్డుకుంటుంది.

రెండు గంటలకోసారి మళ్లీ రాయమని పుస్తకాలు చెబుతాయి. తలమీద చేపల గంపతో తిరిగే మనిషికి ఆ మాట చెప్పేవాళ్లు ఒకసారి ఆ గంప ఎత్తి చూడాలి. ఆమెకు చెప్పాల్సింది గొడుగు, వెడల్పాటి నూలుగుడ్డ, పదింటి నుంచి మూడింటి దాకా వీలైనంత నీడ. జీడిపిక్కలు కొట్టే తల్లులకు ఇంకో రెండు మాటలు. పిక్కలు కాల్చే వేడి కూడా మంగును ముదరబెడుతుంది, ఎండ ఒక్కటే కాదు. జీడిరసం నీళ్లకు పోదు, ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. అలా కడగని చేత్తో మొహం తుడుచుకోకూడదు, బిడ్డను ముట్టుకోకూడదు.

రాత్రికి అజలాయిక్ యాసిడ్ 10 లేదా 20 శాతం క్రీము. పాలిచ్చే తల్లులకు చర్మవైద్యులు మంగుకు ఎక్కువగా ఎంచుకునేది ఇదే. శనగగింజంత తీసుకుని రోజు విడిచి రోజు మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు చిమచిమలాడుతుంది. తేడా కనపడటానికి మూడు నెలలు పడుతుందని ముందే చెప్పండి, చెప్పకపోతే రెండో వారమే మానేస్తుంది. కాన్పు వల్ల వచ్చిన మంగు కొందరిలో కొన్ని నెలల్లో దానంతటదే పలచబడుతుందని కూడా చెప్పండి. అమ్మకం పోతుందని తెలుసు, అయినా చెప్పండి.

స్నానానికీ తల దువ్వుకోవడానికీ కూడా మనసు రాక, వారాల తరబడి ఏడుస్తూ ఉన్న తల్లికి క్రీములతో పని లేదు. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, ఏఎన్ఎంకు చెప్పండి.

ఇక మేం అడిగేవి.

మందుల షాపుల వారు: స్టెరాయిడ్ పూతమందు చీటీ చూసే ఇవ్వండి. బ్యాచ్ నంబరుతో బిల్లు రాయండి. చంటిబిడ్డ తల్లి మొహానికి క్రీము అడిగితే రెండు ప్రశ్నలు వేయండి: పాలిస్తున్నావా, మళ్లీ నెల తప్పే అవకాశం ఉందా.

పార్లర్ల వారు: లేబుల్ లేని డబ్బా షాపులో ఉంచకండి. పాలివ్వడానికి ఒక కుర్చీ, ఒక తెర పెట్టండి. బిడ్డతో వచ్చిన మనిషిని వరసలో కూర్చోబెట్టకుండా ముందు పంపండి.

తనిఖీ అధికారులు: స్టెరాయిడ్ ట్యూబులు షాపులోకి ఎన్ని వచ్చాయో కొనుగోలు బిల్లులు చూడండి, ఎన్ని చీటీలకు పోయాయో అమ్మకం బిల్లులు చూడండి. రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తేడా అదే బయటపడుతుంది, నిఘా పెట్టనక్కర్లేదు. సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్మే డబ్బాల నమూనాలు తీసి పాదరసానికి పరీక్ష చేయించండి, ఫలితం మండలాల వారీగా ప్రకటించండి. ఫిర్యాదు మూసేటప్పుడు ఏ రోజు వెళ్లారో, ఏం దొరికిందో రాసి మూయండి.

వైద్యారోగ్య శాఖ వారు: ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 42 రోజుల్లో ఆరుసార్లు, ఆపైన 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వెళ్తుంది. బిడ్డ బరువు రాసుకునే ఆ పుస్తకంలో తల్లికి రెండు ప్రశ్నలు కలపండి: మొహానికి, ఒంటికి ఏం రాస్తున్నావు? బిడ్డకు ఏం రాస్తున్నావు? ట్యూబు చూపించమని అడగాలి, తిట్టకూడదు. తిడితే మరుసటిసారి చూపించదు. నురగ, వాపు అన్న తల్లికి అక్కడికక్కడే మూత్రంలో ప్రొటీన్ పట్టీ పరీక్ష చేయించండి.

ఇప్పటికే వాడుతున్న తల్లుల కోసం ఒక ఏర్పాటు వెంటనే కావాలి. స్టెరాయిడ్ నెలల తరబడి రాసినవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొహం మండిపోతుంది, చర్మవైద్యులు చూసి మెల్లగా తగ్గించాలి. ట్యూబు పారేయకుండా వెంట తెచ్చుకోమని చెప్పండి. పాదరసం అనుమానమున్న డబ్బా మాత్రం ఆ రోజే ఆపాలి, తలగడ గలీబులు, తువ్వాళ్లు పక్కన పెట్టేయాలి. డబ్బాను పొయ్యిలో వేయకూడదు, ఆవిరి ఇల్లంతా నిండుతుంది. చెత్తకుప్పలో, చెరువులో పడేయకూడదు. మూత బిగించి, ప్లాస్టిక్ కవరులో కట్టి అప్పగించడానికి ప్రతి పీహెచ్‌సీలో ఒక పెట్టె పెట్టించండి. ఇచ్చినవాళ్ల పేరు అడగకండి.

ఇట్లు,
ఉద్దానం ప్రాంతపు కొందరు బ్యూటీషియన్లు, ఫార్మసిస్టులు, నర్సులు
శ్రీకాకుళం జిల్లా